నల్ల కంబళి మీద ఫిర్యాదు

పెరియకుళం,
ఆని నెల, శనివారం.

మనోళ్ళ సంత నడిపే పెద్దమనుషులకు, పెరియకుళం లక్ష్మమ్మాళ్ నమస్కారం చేసి, కోపంతో రాయునది.

మీరందరూ అక్కడ కోయంబత్తూరులో సుఖంగా ఉన్నారని తలుస్తాను. నేను ఇక్కడ సుఖంగా లేను. దానికి కారణం మీరే.

కోయంబత్తూరు మొదలు మదురై దాకా ఉన్న మన తెలుగు కుటుంబాలు ఒకరికొకరు సరుకులు అమ్ముకోవడానికి మీరు ఫోన్లో ఒక సంత పెట్టినారనీ, అందులో మోసం అనే మాటే ఉండదనీ మా మనవడు ఇళంగో చెప్పినాడు. వాడి పెళ్ళి ఆవణి నెలలో, అంటే ఇంక రెండు నెలల్లో. పిల్ల పేరు కృత్తిక, బోడినాయకనూరులో ఏలకుల వ్యాపారం చేసేవాళ్ళ అమ్మాయి. పెళ్ళికి నల్ల కంబళి కావలసి వచ్చి, మీ సంతలో అవినాశి ఊళ్ళో ఉండే భాగ్యం అనే ఆమె దగ్గర ఒకటి తెప్పించినాము. వచ్చింది దొంగ సరుకు.

పట్నంలో పెరిగినవాళ్ళు, మీరు మరిచిపోయి ఉంటారు కాబట్టి కంబళి సంగతి చెబుతాను. మా పెళ్ళిళ్ళలో జంటను పీటల మీద కూర్చోబెట్టరు. గొర్రె బొచ్చుతో నేసిన నల్ల కంబళి మీద కూర్చోబెడతారు. తాళి కట్టినా, ఊరంతా అక్షింతలు వేసినా, కింద కంబళి లేకపోతే మా పెద్దలు దాన్ని పెళ్ళి అనరు. "పోయినాము, భోంచేసినాము, వచ్చినాము" అంటారు, అంతే. మా ఊళ్ళో కంబళి పరిచే హక్కు మా ఇంటిది. ఎవరింట్లో పెళ్ళయినా నేనే తీసుకుపోయి నా చేతులతో పరుస్తాను. మేము దొంగ సరుకు పరిచినామని తేలితే ఆ హక్కు ఎదురింటి చెల్లప్పకు పోతుంది. నేను ఎప్పుడు తప్పు చేస్తానా అని ఆయన అరుగు మీద కూర్చొని కాచుకొని ఉన్నాడు.

మా పాత కంబళి ఉందే, అది కంబళి అంటే. మా మామగారు పోయినప్పుడు అప్పటిదాన్ని ఆచారం ప్రకారం ఆయన మీదే కప్పి పంపించినాము. తరువాత మా ఇంటాయన మదురై పోయి ఇప్పుడున్నది కొనుక్కొచ్చినారు. ఇన్నేళ్ళలో దాన్ని ఒక్క పురుగు ముట్టలేదు. ఉతికి ఆరేస్తే, నేను అన్నం వార్చి వచ్చేలోగా ఆరిపోతుంది. పట్టు మాదిరి మెరుస్తుంది, ఒంటికి గుచ్చదు. పోయిన పెళ్ళిలో హారతి పళ్ళెంలోంచి కర్పూరం దొర్లి నడిమధ్యన పడి, పెద్ద చిల్లు చేసింది. లేకపోతే కొత్తది కొనే పనే లేదు. ఆ చిల్లు అంచులు కూడా కాలిన చోట గట్టిపడి వడియం మాదిరి అయినాయి. అదీ అసలు సరుకు పటుత్వం!

మీ భాగ్యం పంపినదో? ముట్టుకుంటే గుచ్చుతుంది. గొర్రె కంపు కొడుతుంది. వేడినీళ్ళలో సీకాయ వేసి ఉతికితే జానెడు కుంచించుకుపోయింది. ఎండలో వేసినా ఆరి చావలేదు. అటక మీద పెడితే నెల తిరక్కముందే పురుగు పట్టింది. ఇది గొర్రె బొచ్చయితే నేను గొర్రెను.

దొంగ సరుకని అనుమానం వస్తే ఫిర్యాదు తెలుగులో, కాగితం మీద, చేత్తో రాసి తపాలాలో పంపాలని మీ తొమ్మిదో నిబంధన అంటుందట. మా నాయన నాకు నాలుగక్షరాలు నేర్పింది ఇందుకే కాబోలు. భాగ్యాన్ని సంతలోంచి వెంటనే తీసేయండి.

ఇట్లు,
మోసపోయిన లక్ష్మమ్మాళ్

తా.క.: ఈ ఉత్తరం చదువుతున్నది ఎవరు? ఎవరింటి పిల్లోడివి? తిట్టేటప్పుడు వరస తెలిస్తే తిట్టడానికి బాగుంటుంది.

* * *

కోయంబత్తూరు,
బుధవారం.

మహారాజశ్రీ లక్ష్మమ్మాళ్ గారి దివ్యసముఖమునకు, మనోళ్ళ సంత నిర్వాహకుడు రాఘవేంద్రన్ సవినయంగా విన్నవించునది.

తమరి ఫిర్యాదు అందినది. అందుకొని మహదానందము పొందితిమి.

విషయమేమనగా, మన పిల్లలు తెలుగు రాయడం మరిచిపోతున్నారని సంఘం పెద్దలు ఆ తొమ్మిదో నిబంధన పెట్టారు. ఫిర్యాదు చేయాలన్న కోపంతోనైనా నేర్చుకుంటారని వారి ఆశ. నేర్చుకోలేదు సరికదా, సంత మొదలైన నాటి నుండి ఒక్క ఫిర్యాదూ రాలేదు. "మా సంతలో మోసమే లేదు, ఇంతవరకు ఫిర్యాదే లేదు" అని ప్రతి వార్షికోత్సవంలో చప్పట్లు కొట్టించుకుంటున్నాము. తమరిదే మొట్టమొదటిది. దానిని పటం కట్టించాలని కార్యదర్శిగారు అడిగారు. విచారణ ముగిసే వరకు ఇవ్వనని చెప్పాను.

పగలు పంపుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఈ సేవ చేస్తున్నాను. సంఘంలో తెలుగు చదవగలిగినవాడిని నేనొక్కడినే కావడం వల్ల విచారణాధికారిని కూడా నేనే.

విచారణకు నమూనాలు కావాలి. తమరి పాత కంబళి నుండి చిటికెడు బొచ్చు, కొత్తదాని నుండి చిటికెడు బొచ్చు తీసి, గుర్తు తెలిసేలా వేరువేరుగా కట్టి పంపగలరు. తీర్పు వచ్చేదాకా భాగ్యంగారి మీద ఏ చర్యా తీసుకోలేము. తేలితే మాత్రం నిబంధన కఠినమైనది. దొంగ సరుకు అమ్మినవారు బదులుగా అసలు సరుకు ఇచ్చుకోవాలి. ఆపైన వారి కుటుంబమంతా సంతకు దూరంగా ఉండాలి.

చిత్తగించవలెను.
తమ విధేయుడు,
రాఘవేంద్రన్

తా.క.: విచారణ చేసేవాడు తన ఇంటి పేరు, వరస, ఊరు చెప్పకూడదని కూడా నిబంధన ఉంది. చెబితే మనవాళ్ళు గంటలో చుట్టరికం కలిపేసి తీర్పు మార్పించేస్తారట. ఈ నిబంధన మాత్రం అనుభవంతో పెట్టారు.

* * *

పెరియకుళం,
ఆని నెల చివరి ఆదివారం.

తంబీ రాఘవేంద్రనుకు, లక్ష్మమ్మాళ్ దీవించి, పళ్ళు కొరికి రాయునది.

నేను మోసపోతే నీకు మహదానందమా? ఆ ముక్క దగ్గర నాలుగుసార్లు ఆగినాను. ఇళంగో వచ్చి, "అవ్వా, ఆయన పుస్తకాల తెలుగు నేర్చుకున్నాడు, తెలీక రాసినాడు, విడు" అంటే విడిచినాను. ఇంకొకసారి నాకు "దివ్యసముఖము" అని రాయవద్దు. చదివి నేనెప్పుడు పోయినానా అని ఒంటిని తడిమి చూసుకున్నాను.

నువ్వు అడిగిన నమూనాలు ఇందులో ఉన్నాయి. ఎర్రదారం కట్టినది మా ఇంటి అసలు కంబళిది. కత్తిరించేటప్పుడు నా ప్రాణం లాగినట్టయింది. తెల్లదారం కట్టినది భాగ్యం దొంగ సరుకుది. దాన్ని కత్తిరించడానికి ఏమీ అనిపించలేదు.

ఈ లోగా ఎదురింటి చెల్లప్పకు వాసన తగిలింది. ఉదయం వచ్చి, "ఏమక్కా, పెళ్ళికి కొత్త కంబళి వచ్చిందట, చూపించు" అన్నాడు. "ఇస్త్రీలో ఉంది" అన్నాను. "కంబళికి ఇస్త్రీయా?" అన్నాడు. "మా ఇంట్లో అన్నిటికీ ఇస్త్రీనే" అని తలుపేసినాను. కానీ ఎన్నాళ్ళని వేసేది? నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ప్రతి పెళ్ళికీ పరిచిన చేతులు ఇవి. సొంత మనవడి పెళ్ళికాడ ఈ హక్కు పోతే నేను ఈ వీధిలో తల ఎత్తుకొని నడవలేను తంబీ. రాత్రి అన్నం కూడా సరిగా దిగడం లేదు. తొందరగా తేల్చు.

కృత్తిక మాత్రం ఫోన్లో, "అవ్వా, చాప వేసినా నేను కూర్చుంటాను" అంటుంది. మంచి పిల్ల. కానీ చాప మీద చేసుకుంటే అది మంచి పిల్ల అవుతుంది కానీ పెళ్ళాం కాదు.

ఇట్లు,
లక్ష్మమ్మాళ్

తా.క.: పార్సిల్‌లో ఉన్న మామిడిపండ్లు లంచం కాదు. నమూనాలు కదలకుండా చుట్టూ పెట్టినాను.

తా.క. మళ్ళీ: ఇంటి పేరు చెప్పకపోతే పోనీ. మీ అమ్మది ఏ ఊరో అదన్నా చెప్పు.

* * *

కోయంబత్తూరు,
ఆడి నెల మొదటి వారం.

గౌరవనీయులైన లక్ష్మమ్మాళ్ అవ్వగారికి, రాఘవేంద్రన్ నమస్కరించి రాస్తున్నది.

నమూనాలు కదలకుండా చేరాయి. వాటిని కదలకుండా ఉంచినవి సంఘం సమావేశంలో అయిపోయాయి. టెంకలు మాత్రం సాక్ష్యంగా భద్రపరిచాము.

విచారణ మొదలుపెట్టాను. గొర్రె బొచ్చును పరీక్షించడానికి సులువైన మార్గం నిప్పు. అసలు బొచ్చయితే తల వెంట్రుకలు కాలినట్టు కమురు వాసన వచ్చి, బూడిదై రాలిపోతుంది. మిల్లులో చేసిన నైలాన్ జాతి దారమైతే కరిగి, ముద్దయి, గట్టిపడుతుంది. రెండింటినీ మా వంటింటి పొయ్యి మీద పట్టకారుతో పట్టుకొని కాల్చాను. ఫలితం చూసి ఆశ్చర్యపోయి మళ్ళీ కాల్చాను. మళ్ళీ అదే ఫలితం.

కాబట్టి ఒక చిన్న సందేహం, మీరు కోపగించుకోకుండా వినాలి. దారాలు కట్టేటప్పుడు ఎర్రది తెల్లదానికీ, తెల్లది ఎర్రదానికీ పొరబాటున మారిపోయి ఉండవచ్చునా? కంటిచూపు విషయంలో ఎవరికైనా జరగగల విషయమే.

రెండింటిలో ఒకటి గొర్రె బొచ్చు కాదన్నది మాత్రం ఖాయం. ఏది కాదో తొందరపడి రాయలేను. విషయం చాలా సున్నితమైనది. మీ పాత కంబళి మీద ఇంతవరకు ఎన్ని పెళ్ళిళ్ళు అయ్యాయో, ఆ జంటలు ఎలా ఉన్నారో దయచేసి తెలియజేయండి. ఊరికే, ఒక మాట కోసం అడుగుతున్నాను.

మీరు కంగారు పడవద్దు. ఏం జరిగినా జరిగిన పెళ్ళిళ్ళు జరిగినవేనని నా సొంత అభిప్రాయం.

ఇట్లు,
రాఘవేంద్రన్

తా.క.: వంటింట్లో కమురు వాసన ఇంకా పోలేదు. మా ఇంట్లో నాకు విచారణలు బయట చేసుకొమ్మని తీర్పు వచ్చింది.

* * *

పెరియకుళం,
ఆడి నెల, శుక్రవారం.

నా బంగారు తంబీ రాఘవేంద్రనుకు, లక్ష్మమ్మాళ్ సంతోషం పట్టలేక రాయునది.

"రెండింటిలో ఒకటి గొర్రె బొచ్చు కాదన్నది ఖాయం" అని రాసినావే, నీ నోట్లో చక్కెర పొయ్యాల! నేను చెప్పిందీ అదే కదా! ఆ ముక్కను వీధి నడుమ నిలబడి రెండుసార్లు గట్టిగా చదివినాను. ఒకసారి ఊరికి, ఒకసారి చెల్లప్పకు. ఇళంగో దాన్ని ఫోటో తీసి మీ సంతలోనే పెట్టినాడు. మా చుట్టాలందరూ, తేని నుంచి తిరుమంగళం దాకా ఉన్నవాళ్ళు, భాగ్యం పేరు కింద ఐదు చుక్కలకు ఒక్కొక్కటే పెట్టి, "దొంగ కంబళి, నమ్మకండి" అని రాస్తున్నారు. తెలుగు రాయడం రానివాళ్ళు తమిళంలో రాసినారు, అదీ రానివాళ్ళు ఏడుపు బొమ్మలు పెట్టినారు.

ఇక దారాల మాట. పోయినేడే మదురైలో రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు ఎదురింటి మూకాయి దోసె తిప్పేటప్పుడు అది మాడిందో లేదో మా వాకిట్లోంచి చెప్పగలను. ఎర్రదారం అసలుకే కట్టినాను, తెల్లది దొంగకే కట్టినాను. నీ పొయ్యిలో ఏదో దోషం ఉంది, మెకానిక్‌ను పిలిచి చూపించు.

పెళ్ళిళ్ళు ఎన్ని అని అడిగినావు. లెక్క పెట్టలేదు తంబీ, ఊళ్ళో పిల్లలున్న ప్రతి ఇల్లూ ఆ కంబళి చలవే. చెల్లప్ప, మూకాయి కూడా దానిమీదే కూర్చున్నారు. జంటలు ఎలా ఉన్నారంటావా? జంటలు ఎట్లా ఉంటారో అట్లానే ఉన్నారు. అరుచుకుంటారు, అన్నం తింటారు.

నీ తీర్పు కాగితం రావడం ఆలస్యమైతే నేను ఆగలేను. మంగళవారం ఇళంగోను వెంటబెట్టుకొని అవినాశి బస్సెక్కుతున్నాను. రెండు కంబళ్ళూ తీసుకుపోతున్నాను. ఆ భాగ్యం వాకిట్లో రెండూ పక్కపక్కన పరిచి, "చూడమ్మా, ఇది కంబళి, ఇది నీ మోసం" అని నాలుగు వీధులకూ వినబడేట్టు చెప్పి వస్తాను.

ఇట్లు,
గెలిచిన లక్ష్మమ్మాళ్

తా.క.: "జరిగిన పెళ్ళిళ్ళు జరిగినవే" అని ఎందుకు రాసినావో అర్థం కాలేదు. జరగని పెళ్ళిళ్ళు జరిగినవని ఎవరన్నారు?

* * *

కోయంబత్తూరు,
సోమవారం, పొద్దున్నే.

అవ్వా, దయచేసి బస్సెక్కకండి.

మామూలుగా ఉత్తరం మొదట రాయవలసినవన్నీ రాయడానికి సమయం లేదు. ఇది కొరియర్‌లో పంపిస్తున్నాను. ఇళంగో నంబరు సంతలో ఉంది కానీ, విచారణ ఫోన్లో మాట్లాడకూడదని ఇంకొక నిబంధన. ఈ నిబంధనలు పెట్టినవాళ్ళు దొరికితే నాకూ ఒక ఫిర్యాదు రాయాలని ఉంది.

నిన్న భాగ్యంగారు సంఘానికి ఫోన్ చేశారు. పిల్లలందరూ బనియన్ కంపెనీకి వెళ్ళిపోతే ఆమె ఒక్కతే అత్తగారి మగ్గం వదలకుండా నేస్తున్నారు. మీ చుట్టాల చుక్కలు చూసి, ఆర్డరు ఇచ్చినవాళ్ళందరూ వద్దన్నారట. "బాబూ, నేనేం తప్పు చేసినానో అదొక్కటి చెప్పండి, మగ్గం విప్పేస్తాను" అని ఏడ్చారు. రెండు రోజులు ఆగమని బతిమాలాను. ఆమె ఏ తప్పూ చేయలేదని నాకు ముందే తెలుసు కాబట్టి.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. తెల్లదారం ముక్క, అంటే భాగ్యంగారిది, నిప్పులో పెట్టగానే వెంట్రుకల కమురు వాసన వచ్చి బూడిదైంది. అది నూటికి నూరుపాళ్ళు గొర్రె బొచ్చు. గొర్రె బొచ్చు గుచ్చుతుంది, వాసన వస్తుంది, వేడినీళ్ళలో కుంచించుకుపోతుంది, తొందరగా ఆరదు, పురుగు పడుతుంది. మీరు మొదటి ఉత్తరంలో రాసిన నేరాలన్నీ అది అసలుదనడానికి రుజువులే. ఎర్రదారం ముక్క కరిగి, నల్లటి ముత్యంలా ముద్దకట్టింది. అది మిల్లు సరుకు, గొర్రెను కంటితో కూడా చూడలేదు. మీ కర్పూరం చిల్లు అంచులు వడియంలా గట్టిపడ్డాయని చదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది. దారాలు మారాయేమో అని నేను అడిగింది మీ కళ్ళను తప్పుపట్టడానికి కాదు. మారాయని మీరంటే బాగుండునని ఆశపడ్డాను.

అవ్వా, మీ ఇంటి కంబళే దొంగ సరుకు. ఇది రాయడానికి నాకు చేతులు రాలేదు. రాయకపోతే తప్పు చేయని ఒక మనిషి మగ్గం ఆగిపోతుంది. చెల్లప్పగారికి ఏం చెప్పాలో నాకు తెలియదు. మీ హక్కు పోతే అది నా వల్లే. నన్ను క్షమించండి.

మీ మనవడిలాంటి,
రాఘవేంద్రన్

తా.క.: ఇక దాచను. మా నాన్న పేరు బాలకృష్ణన్, మీ ఊరి తూర్పు వీధిలో పుట్టి, మిల్లు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చారు. మా అమ్మ అభిరామి, మదురై. మా హాల్లో వాళ్ళ పెళ్ళి ఫోటో ఉంది. ఇద్దరూ మీ కంబళి మీదే కూర్చొని ఉన్నారు. మీ ముక్క కరిగిన రోజు నుంచి ఆ ఫోటో ముందు కూర్చొని భోజనం చేయలేకపోతున్నాను.

* * *

పెరియకుళం,
ఆవణి నెల, పెళ్ళయిన మూడోనాడు.

తూర్పు వీధి బాలకృష్ణన్ కొడుకు రాఘవేంద్రనుకు, అవ్వ లక్ష్మమ్మాళ్ కడుపునిండా భోంచేసి, తీరిగ్గా రాయునది.

నీ కొరియర్ మా తలుపు కింద పడేసరికి నేను అవినాశిలో తడిసి ముద్దయి ఉన్నాను.

బస్సు దిగి భాగ్యం ఇంటికి నడుస్తున్నాము. ఆడి వాన ఒక్కసారిగా పట్టుకుంది. తలదాచుకోవడానికి చెట్టు కూడా లేదు. "అవ్వా, కంబళి కప్పుకో" అన్నాడు ఇళంగో. సరే, నా బంగారం మాదిరి పాత కంబళిని నేను కప్పుకొని, దొంగదాన్ని వాడికిచ్చినాను. నాలుగడుగులు వేయలేదు, చిల్లులోంచి ఒక ధార, చిల్లు లేని చోట నుంచి పది ధారలు! జల్లెడ కింద నిలబడినట్టే ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పక్కన ఇళంగో కాళ్ళు తప్ప ఏమీ తడవకుండా, వెచ్చగా ఈలవేసుకుంటూ వస్తున్నాడు. వాన నీళ్ళు వాడి కంబళి మీద నుంచి జారిపోతున్నాయి. అక్కడే, ఆ రోడ్డు మీదే, నాకు అంతా తెలిసిపోయింది. నువ్వు రాయలేనన్నది వాన చెప్పేసింది తంబీ.

భాగ్యాన్ని తిట్టడానికి దారి పొడుగునా తిట్లు కట్టుకొచ్చినాను. ఆమె తలుపు తీసి, "అయ్యయ్యో పెద్దమ్మా, ఇట్లా తడిసినారే, లోపలికి రాండి" అని చెయ్యి పట్టుకొని తీసుకుపోయి, తల తుడిచి, తన చీర ఇచ్చి, మిరియాల రసం కాచి పోసింది. ఆమె చీర కట్టుకొని, ఆమె రసం తాగి, ఆమెను ఎట్లా తిట్టేది? సిగ్గుతో చచ్చిపోయినాను. నేనెవరో చెప్పి ఏడ్చినాను. ఆమె నన్ను ఓదార్చింది. ఇళంగో అక్కడే కూర్చొని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చుక్కలు మార్పించినాడు. మగ్గం విప్పలేదు, దిగులు పడకు.

ఇంటికి వచ్చి నీ ఉత్తరం చదువుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు. కొత్తది పరిచేస్తే పోయె, ఎవరడుగుతారు? కానీ భాగ్యం పేరు ఊరంతా విని ఉన్నారు. అది దొంగ కాదని చెప్పాలంటే ఏది దొంగో చెప్పాల. పెళ్ళి ముందురోజు పెద్దలందరినీ పిలిచి, రెండింట్లోంచి తలా ఒక పోగు లాగి, దీపంలో పెట్టి చూపించినాను. మాది కరిగి బొట్టు బొట్టుగా పళ్ళెంలో పడింది.

చెల్లప్ప మెల్లగా లేచి, భుజం మీద తుండు సర్దుకొని, "అట్లయితే పెద్దలారా, కంబళి పరిచే హక్కు..." అని మొదలుపెట్టినాడు. వెనక నుంచి ఆయన పెళ్ళాం మూకాయి లేచింది. "ఏందయ్యా, ఉండు. ఆ కంబళి దొంగదైతే మన పెళ్ళి కూడా పెళ్ళి కాదు కదా? సరి. హక్కు సంగతి తరువాత చూద్దువు గానీ, రేపటి నుంచి నీకు చారు ఎవరు కాస్తారో ముందు అది చూసుకో" అంది. చెల్లప్ప అట్లానే కూర్చున్నాడు. ఆయన కూర్చున్న తీరుకు ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వినాను, నవ్వుతూనే ఏడ్చినాను.

పెద్దలు మాట్లాడి ఒక మాటకు వచ్చినారు. కంబళి మోసం చేసింది కానీ మనుషులు మోసం చేయలేదు, కాబట్టి హక్కు మా ఇంటిదే. అయితే పాతదాని మీద కూర్చున్న జంటలందరూ కొత్తదాని మీద ఒకసారి కూర్చొని లేవాల. మరుసటి రోజు పెళ్ళయి ఇళంగో, కృత్తిక కొత్త కంబళి మీద నుంచి లేవగానే వరస మొదలైంది. వీధి మలుపు దాకా జంటలు! కొందరు మనవళ్ళను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. పోట్లాడుకొని ఏడాదిగా మాటల్లేని సుగన్య కూడా మొగుడి పక్కన కూర్చొని, లేచేటప్పుడు చెయ్యి అందించింది. మూకాయి ఒక్కతి రాలేదు. "ఇన్నేళ్ళకు ఒకసారి తప్పించుకునే దారి దొరికింది, పాయసం తాగేదాకా ఆలోచించుకోనీ" అని పందిట్లో కాలుమీద కాలేసుకొని కూర్చుంది. చెల్లప్ప మూడు గ్లాసుల పాయసం తెచ్చిచ్చినాడు. సాయంత్రానికి కనికరించింది.

నేను పిలిస్తే మీ అమ్మా నాన్నా కూడా వచ్చినారు. కూర్చున్నారు, దీవెనలు తీసుకున్నారు. నిన్ననే బస్సెక్కించినాను. నువ్వు ఇంక ఆ ఫోటో ముందు కూర్చొని సుఖంగా భోంచెయ్. ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాను. భాగ్యం తప్పు ఏమీ లేదని మీ సంతలో పెద్ద అక్షరాలతో రాయి.

ఇట్లు,
నీ ప్రేమగల అవ్వ,
లక్ష్మమ్మాళ్

తా.క.: ఒక సంగతి నీకు చెప్పవద్దని మీ అమ్మ నా చెయ్యి పట్టుకొని బతిమాలింది. చెప్పనని మాటిచ్చినాను. చెప్పడం లేదు, రాస్తున్నాను. మీ అమ్మ లేచేటప్పుడు పక్కన మడిచిపెట్టిన పాత కంబళిని చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. లోపలికి తీసుకుపోయి ఏమని అడిగితే, "అత్తా, ఈ అంచు కుట్టింది నేనే" అంది. మదురైలో మా ఇంటాయనకు దాన్ని అమ్మిన అంగడి మీ అమ్మ నాయనదట! మిల్లు కంబళ్ళు తెప్పించి, కంపు పట్టడానికి వారం రోజులు గొర్రెల దొడ్డిలో పెట్టి, చిన్నపిల్ల అయిన మీ అమ్మతో అంచులు కుట్టించి, అసలు గొర్రె బొచ్చని అమ్మేవాడట మీ తాత. పెళ్ళినాడు దానిమీద కూర్చోగానే మీ అమ్మ గుర్తుపట్టిందట. "మరి అప్పుడే చెప్పలేదేమే?" అన్నాను. "పెళ్ళికూతురు నోరు తెరవకూడదని మీరే కదా అత్తా చెప్పినారు" అంది. ఇంత నోరులేని పిల్ల బాలకృష్ణనుకు దొరికిందే అని ఆ రోజు నేను ఊరంతా చెప్పుకున్నాను! మీ నిబంధన ప్రకారం బదులుగా అసలు కంబళి ఒకటి నేయమని భాగ్యం దగ్గర మీ అమ్మ నా పేరున చెప్పేసింది. ఇక మిగిలింది అమ్మినవాళ్ళ కుటుంబమంతా సంతకు దూరంగా ఉండాలన్న మాట. విచారణాధికారివి నువ్వే కదా, ఆ తీర్పు ఎవరి చేత రాయిస్తావో నాకు తెలియజెయ్.